తొక్కిన మంచు

పొద్దున్నే పొయ్యి రాజేసి, పిండిముక్కలు ఒక్కొక్కటే కాగిన నూనెలోకి జారవిడుస్తోంది సైరకాన్. పొంగినవి పొంగినట్టు తీసి గుడ్డ మీద పోస్తోంది. అతిథులున్న ఇంట్లో బోర్సోక్ వేయించని పొద్దు పొద్దే కాదని ఆవిడ నమ్మకం. నిన్న సాయంత్రం అల్మాటీ నగరం నుంచి స్కీ ఆడడానికి డజనుమంది దాకా దిగారు. చిన్నకొడుకు ఎర్మెక్ ఇల్లు ఈ చలికాలంలో నిండటం ఇదే మొదలు. గదిగదికీ గురకలు వినబడుతుంటే చిన్నకోడలు మేరిమ్‌కి పాటకచేరీ వింటున్నంత హాయిగా ఉంది.

"మూలగది ఆయన గురక విన్నావా అత్తా? మన డీజిల్ మోటారు నయం," అంది గిన్నెలు తుడుస్తూ.

"పెట్టనీవే. నిద్రపట్టని అతిథే తప్పులు వెతుకుతాడు," అంది సైరకాన్. అని, కిటికీలోంచి కొండకేసి చూసింది. చూసి, చేతిలో చిల్లుల గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కింది అంచున పెద్దకొడుకు గుర్రాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. ఒక్కటీ తల దించలేదు. ఆ మాటే కోడలితో అంటే, గుర్రాలు నిలబడటం కూడా వింతేనా అత్తా అని మేరిమ్ నవ్వేసింది. సైరకాన్ నవ్వలేదు. తల దించని గుర్రం మేత లేని గుర్రం.

మొగుడు పోయేముందు కొడుకులిద్దరికీ వాటాలు వేశాడు. పెద్దవాడు జాపర్ గుర్రాల మంద తీసుకున్నాడు. ఎర్మెక్ తన వాటా గొర్రెల్ని అమ్మేసి, మనుషుల్ని కొండపైకి లాక్కెళ్ళే తాడు లిఫ్టు ఒకటీ, మంచును తొక్కి చదును చేసే పాత యంత్రం ఒకటీ కొన్నాడు. అతిథులకి అద్దెకివ్వడానికి ఇంటికి నాలుగు గదులు చేర్చాడు. తల్లి చిన్నకొడుకు పంచనే ఉండటం మా ఆచారం కాబట్టి సైరకాన్ అక్కడే ఉంటోంది. జాపర్ ఇల్లు పక్క దొడ్లోనే. కొండను పంచడానికి పెద్దమనుషులు అక్కర్లేకపోయింది. నీడవాలు మీద మంచు మందంగా నిలుస్తుంది, అది స్కీలకి. ఎండవాలు మీద మంచు పల్చన, అది గుర్రాలకి. చలికాలమంతా అవి గిట్టలతో మంచు గీరుకుని కింద ఉన్న ఎండుగడ్డి మేస్తాయి. మా తాతలు గుర్రానికి గడ్డివాము వేసి ఎరగరు.

వానను నమ్ముకున్న రైతు పూటకోసారి ఆకాశం చూస్తాడు. మంచును నమ్ముకున్నవాడు గడియకోసారి చూస్తాడు, చూసి ఫోన్ కూడా చూసుకుంటాడు, ఎవరు రామన్నారో అని. కొండ అవతల పెద్ద రిసార్టు వాళ్ళకి కుర్చీల లిఫ్టులున్నాయి, ఆకాశం అలిగితే మంచు చిమ్మే ఫిరంగులున్నాయి. ఎర్మెక్‌కి ఉన్నదల్లా తల్లి చేతి వంట, పెళ్ళాం కష్టం, దేవుడి దయ. ఈ ఏడు ఆ మూడోది తప్పింది. డిసెంబరులో గాలి లేచి నీడవాలును రాళ్ళు తేలేదాకా ఊడ్చింది. ఊడ్చిన మంచంతా తీసుకెళ్ళి ఎండవాలు పైభాగాన భుజంలా ఉబ్బిన చోట కుమ్మరించింది.

ఎర్మెక్ అన్న దగ్గరికి వెళ్ళి, కొత్త మంచు పడేదాకా ఆ భుజం వాడుకుంటానని అడిగాడు. తమ్ముడు నోరు తెరిచి అడిగితే కాదనడం జాపర్‌కి చేతకాదు. నాలుగు రోజులేగా, తీసుకో అన్నాడు. మందను కింది అంచుకి తోలుకుపోయాడు. నాలుగు రోజులు పోయి జనవరి సగమైంది. మంచు పడలేదు. కింది అంచున మట్టి తప్ప గడ్డి లేదు. జాపర్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కదా అని ఎర్మెక్ కూడా ఎత్తలేదు.

పెరటి తలుపు తోసుకుని పెద్దకోడలు బాత్మా వచ్చింది. బూట్లు విడవలేదు, పలకరింపు లేదు. చేతులు మంచుతో కడుక్కున్నట్టుంది, మోచేతుల దగ్గర మాత్రం నెత్తురు చార ఉంది.

"బూడిదరంగు గుర్రం నెలలు నిండకుండానే ఈచుకుపోయింది అత్తా," అంది. "చక్కటి మగపిల్ల. ఒంటి మీద వెంట్రుక కూడా మొలిచింది."

సైరకాన్ గరిటె కింద పెట్టేసింది. మేరిమ్ చెయ్యి ముందుగా వెళ్ళింది పక్కగది తలుపు మీదకి. తలుపు దగ్గరగా లాగి, "కాస్త మెల్లగా అక్కా, వాళ్ళు పడుకున్నారు," అంది.

"పడుకోనీ. రాత్రంతా మేమూ పడుకున్నామనుకున్నావా? ఇంకో రెండు చూడి గుర్రాలు ఒణుకుతున్నాయి. తిండి లేని కడుపు పిల్లని ఎంతకాలం మోస్తుందే?"

ఇంటికొచ్చిన మనిషికి టీ పోయాలి కాబట్టి మేరిమ్ గిన్నె తీసి టీ పోసింది. పోస్తూ పోస్తూ అంచుదాకా పోసింది. మా వైపు గిన్నె సగానికే పోస్తారు. అయిపోతే మళ్ళీ పోయాలి, ఆ వంకన మనిషి ఇంకాసేపు కూర్చోవాలి. నిండా పోశారంటే, తాగి లేచి వెళ్ళమని. మేరిమ్ కావాలని పోసిందో, పరధ్యానంలో పోసిందో ఆమెకే తెలియదు. పోశాక మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బాత్మా గిన్నె ముట్టలేదు. "నీ ఇల్లు నిండగానే నా గిన్నె కూడా నిండుతుందని అనుకున్నాలే," అంది.

సైరకాన్ ఆ గిన్నె తీసుకుని బయటికి వెళ్ళి మంచులో పారబోసి వచ్చింది. కొడుకులిద్దర్నీ పిలిపించింది.

వంటింట్లో ఐదుగురూ నిలబడే మాట్లాడుకున్నారు. పక్కగదుల్లో అతిథులు. అంత పెద్ద గొడవ అంత చిన్న గొంతులతో మా లోయలో ఎప్పుడూ జరిగి ఉండదు. ఎర్మెక్ చెప్పాల్సిందంతా చెప్పాడు. ఈ బృందం బాగుందని నలుగురికి చెబితేనే ఫిబ్రవరిలో గదులు నిండుతాయి, లేకపోతే యంత్రం పాత ఇనుము కింద పోతుంది, వారం ఆగితే వీళ్ళు వెళ్ళిపోతారు, ఆపైన అన్నకి గడ్డి కొనిస్తాను అన్నాడు. అమ్మేవాడెక్కడున్నాడని బాత్మా అడిగింది. ఎండాకాలం వాన లేక లోయ మొత్తం మీద మిగులు గడ్డి లేదు. మేత బీళ్ళకి వెళ్ళే కనుమ గాలి తోసిన మంచుతో మూసుకుపోయింది, మందను అవతలికి తోలే దారి కూడా లేదు. ఆ సంగతి ఎర్మెక్‌కీ తెలుసు.

"వారం రోజులేగా అన్నా," అన్నాడు మళ్ళీ.

జాపర్ అంతదాకా నేలకేసి చూస్తున్నవాడు తలెత్తాడు. "నీ వారం నీ ఫోన్లో ఉందిరా. గుర్రం కడుపులో లేదు."

"మరి అప్పుడెందుకిచ్చావు? నేను అడిగినప్పుడే లేదనాల్సింది."

"అడిగింది నువ్వు కాబట్టి ఇచ్చాను."

మేరిమ్ మొగుడి ముఖం చూసింది, బాత్మా అత్త ముఖం చూసింది. ఆవిడ తీర్పు చెబుతుందని అందరూ ఆగారు.

"నన్నడక్కండి. ఇద్దరి తిండీ తింటున్నదాన్ని," అంది సైరకాన్. "ఎర్మెక్, ఆ పిల్లని పూడ్చాలి. నేల గడ్డకట్టి ఉంది, మీ అన్న ఒక్కడి వల్ల కాదు. గునపం తీసుకుని వెళ్ళు."

అన్నదమ్ములిద్దరూ వంతులవారీగా తవ్వారు. గునపం దెబ్బకి మట్టి పెచ్చులు పెచ్చులుగా లేచింది. చచ్చిన పిల్లని జాపర్ తన పాత కోటులో చుట్టి తెచ్చాడు. గొయ్యిలో పెట్టేటప్పుడు చిన్న గిట్ట ఒకటి బయటికి వచ్చింది. ఇంకా మెత్తగా ఉంది, ఎప్పుడూ నేల తొక్కనిది. ఎర్మెక్ దాన్ని కోటులోపలికి సర్దాడు.

లేచి నిలబడితే ఎండవాలు భుజం ఎదురుగా కనబడింది. నిన్న సాయంత్రం అతిథుల కోసం ఎంత శ్రద్ధగా తొక్కాడో. తొక్కనిదే మంచు నిలవదు, గాలికి లేచిపోతుంది, ఎండకి చస్తుంది. స్కీవాడికి తొక్కిందే మంచు. దువ్విన జుట్టులా కొండంతా తిన్నని చారలు. ఆ చారల మీద అక్కడక్కడా ఎర్రటి మరకలున్నాయి. తెల్లారకముందే గుర్రాలు పైకి ఎక్కివచ్చాయి. కింద గడ్డి ఉందని వాటికి తెలుసు. పోయినేడూ అక్కడే మేశాయి. గిట్టలతో గీరాయి. రాతిలా గట్టిపడ్డ మంచు మీద గోటి గీతలంత పడ్డాయి గానీ గిట్ట దిగలేదు. గిట్టల పైన చర్మం లేచిపోయింది. మిగతావి దిగిపోయినా, ఒక ఎర్ర గుర్రం మాత్రం మళ్ళీ ఎక్కివచ్చి గీరుతోంది. ఆగడం, ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ అదే చోట గీరడం.

"దాన్ని తోలెయ్యి అన్నా," అన్నాడు ఎర్మెక్.

"తోలితే మళ్ళీ వస్తుంది," అన్నాడు జాపర్.

ఎర్మెక్‌కి ఇది తెలియని విషయం కాదు. గుర్రాల మధ్య పుట్టి, నడక రాకముందే జీనెక్కినవాడు. తెలిసినదాన్ని రోజూ సాయంత్రం యంత్రం కింద వేసి తొక్కుతూ వచ్చాడు.

ఆ సమయానికే అతిథులు స్కీలు భుజాన వేసుకుని బయటికి వచ్చారు. వాళ్ళ పెద్ద వాదిమ్ వాలుకేసి చూసి ఈల వేశాడు. ఇంత చక్కగా చదును చేసిన వాలు పెద్ద రిసార్టులో కూడా చూడలేదని, మిత్రులందరికీ చెబుతానని ఎర్మెక్ భుజం తట్టాడు. చలికాలమంతా ఎర్మెక్ ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. విన్నాడు. తల ఊపాడు. నేరుగా వెళ్ళి యంత్రం ఎక్కాడు.

ముందున్న ఇనుపపార కిందికి దించి, వాలు భుజం కేసి కదిలేసరికి మేరిమ్‌కి అర్థమైంది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తుకొచ్చి యంత్రానికి అడ్డంగా నిలబడింది.

"దిగు. దిగి మాట్లాడు," అంది.

"దిగితే మళ్ళీ ఎక్కలేను."

"ఇది పెళ్ళగించాక మనకేం మిగులుతుంది చెప్పు. ఆ తాడూ ఈ ఇనుమూనా? వీళ్ళు ఊరంతా చాటితే వచ్చే ఏడు కూడా ఒక్కడు రాడు. ఇన్నాళ్ళూ దుప్పట్లు ఉతికి నా చేతులు ఎలా అయిపోయాయో చూడు."

"చూశాను."

"చూసే చేస్తున్నావా?"

"అడగ్గానే కొండ ఇచ్చాడు మేరిమ్. తిరిగి అడగడు, ఆయన నోటికి రాదు. అడగనివాడికి నేనే ఇవ్వాలి."

మేరిమ్ కదల్లేదు. వెనకనించి ఎవరో రెక్క పట్టుకున్నారు. బాత్మా. పక్కకి రా, కాళ్ళు విరుగుతాయి అని లాగింది. లాగి, గొంతు తగ్గించి, "ఆపమని చెప్పు," అంది. "ఆ పిల్ల ఎలాగూ పోయింది. నిన్ను రోడ్డున పడేసి నేను గుర్రాలు మేపుకోలేను."

పొద్దున్నుంచీ మేరిమ్ ఎన్ని మాటలైనా పడటానికి సిద్ధంగా ఉంది గానీ, ఈ మాటకి సిద్ధంగా లేదు. తోడికోడలి మోచేతి మీద ఎండిన నెత్తురు చార అలాగే ఉంది. ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే మొగుడికేసి, కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపింది.

పార దిగింది. తొక్కి తొక్కి గట్టిపడ్డ మంచు బండలు బండలుగా లేచి పక్కకి దొర్లింది. కింద పసుపుపచ్చగా ఎండిన గడ్డి బయటపడింది. యంత్రం అంత చప్పుడు చేస్తున్నా ఎర్ర గుర్రం బెదరలేదు. వెనకే వచ్చి తల దించింది. దాని వెనక మరొకటి. చూస్తుండగా మందంతా బారుగా యంత్రం వెంట నడిచింది.

మేరిమ్ కళ్ళు తుడుచుకుని అతిథుల దగ్గరికి వెళ్ళింది. ఈ రోజు స్కీ లేదు, రేపూ ఉండదు అని చెప్పింది. సాకులేవీ చెప్పలేదు. గుర్రాలకి మేత లేదని మాత్రం చెప్పింది. వాదిమ్ కోప్పడ్డాడు, మోసం అన్నాడు, కొండ అవతలి రిసార్టుకి ఫోన్ చేశాడు. ఇచ్చిన డబ్బు వెనక్కి ఇస్తే తీసుకుని, మధ్యాహ్నానికి చాలామంది బండెక్కారు. వెళ్ళేవాళ్ళకి సైరకాన్ బోర్సోక్ మూటలు కట్టి చేతిలో పెట్టింది. తిట్టుకుంటూనే పుచ్చుకున్నారు. ఫిబ్రవరి ఎలా గడుస్తుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

కొండ మీద ఎర్మెక్ ఇంకా పార నడుపుతూనే ఉన్నాడు. కళ్ళనిండా నీళ్ళు, అద్దంలోంచి ఎదుటిది సరిగ్గా కనబడటం లేదు. తలుపు తెరుచుకుంది. జాపర్ పైకెక్కాడు. ఆ యంత్రంలో అతను కాలుపెట్టడం అదే మొదటిసారి. ఎక్కడ కూర్చోవాలో తెలియక పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. ముందుకు వంగి అద్దంలోంచి పార కేసి చూశాడు.

"పార కాస్త ఎత్తరా, గడ్డి వేళ్ళు తెగుతున్నాయి," అన్నాడు. తర్వాత చేతివేలు చాపి చూపించాడు. "ఇప్పుడు ఎడమకి పోనీ. అక్కడ గడ్డి పొడుగు."