దీపం కింద గజ్జెలు

పర్ణశాల దాటాక గోదావరి నడుమ ఒక లంక ఉంది. పేరు మాత్రం అడగకండి. ఈ సంగతి చెప్పిన పూలి నా చేత ఒట్టు వేయించుకుంది.

పొద్దుగూకితే ఆ లంక వైపు పడవ తిప్పే మొనగాడు లేడు. అక్కడి దీపస్తంభం కింద గజ్జెలు మోగుతాయి… ఆగుతాయి… మళ్లీ మోగుతాయి.

లంకకు కాపలాదారు పూలి భర్త రూప్‌సింగ్. పడవలు రాళ్లకు కొట్టుకోకుండా సోలార్ దీపం చూసుకోవాలి. నీటికుక్కలనూ పక్షులనూ కనిపెట్టి పైవాళ్లకు చెప్పాలి. ఇసుకలో కాలిగుర్తు చూస్తే ఏ జంతువో ఇట్టే చెప్పేస్తాడు. చీకటి పడితే మాత్రం మహానుభావుడు గడప దాటడు! పొద్దున అతను లేచేసరికి పూలి స్తంభం దాకా ఊడ్చి, నీళ్లు చల్లేసి ఉంటుంది. ఇక గుర్తులేం మిగులుతాయి?

ఆ రోజు వాళ్ల చంటిపిల్ల మోతీకి జ్వరం. పూలి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లింది. తిరిగి భీమయ్య పడవ ఎక్కేసరికి చీకటి పడింది. జ్వరం పిల్లను చూసి అతను కాదనలేకపోయాడు. లంకలో రూప్‌సింగ్ ఇంటి గడపలో నిలబడి నది వైపే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి — దీపం ఆరిపోయింది.

ఫోన్ కలవదు. నీళ్లలో రాళ్లు. పడవలో పెళ్లాం, పిల్ల. స్తంభం దగ్గరికి పోవాలి…

అప్పుడే గజ్జెలు మోగాయి.

అతను వెనక్కి తిరిగాడు. మోతీ గుర్తొచ్చింది. మళ్లీ ముందుకే నడిచాడు. అతను దగ్గరయ్యేకొద్దీ గజ్జెలు ఇంకా గట్టిగా… కోపంగా…

ఫోన్ లైటు వేశాడు.

నల్లగా… వంగి… ఒళ్లంతా నిక్కబొడుచుకుని… నోట్లో తీగ —

ముళ్లపంది!

అది ఒళ్లు విదిలిస్తే ముళ్లు గలగలమన్నాయి. నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు. కర్రతో అదిలిస్తే పక్కనున్న పొదలోకి జరిగింది, అంతే. అతను మోకాళ్ల మీద కూర్చుని తెగిన తీగ కలిపాడు.

దీపం వెలిగింది. ఎదురుగా — ఒడ్డుకు ఆనుకుని పడవ! పిల్లను ఎత్తుకుని పూలి దిగుతోంది. పడవలో భీమయ్య కళ్లు గట్టిగా మూసుకుని రామ రామ అంటున్నాడు.

“చీకట్ల ఎట్లొచ్చిన్రు?”

“‘గజ్జెలు మోగే దిక్కే పోనియ్యి మామా’ అని భీమయ్యతోని అన్న.” పూలి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “రోజూ దానికి అన్నం ముద్ద పెట్టేది నేనే. ఇయ్యాల లేనుగ… ఆకలికి తీగ కొరికింది.”

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వు పైవాళ్లకు చెప్తవు. నలుగురికి తెలిస్తే వలేసి పట్టి, కూరొండుకుంటరు. దయ్యమంటే ఎవ్వరూ రారు.”

“ఏంది సింగూ?” పడవలోంచి భీమయ్య అడిగాడు. “ఏముందక్కడ?”

పొదలో గజ్జెలు కదిలాయి. రూప్‌సింగ్ ఫోన్ లైటు ఆర్పేశాడు.

“దిగకు మామా… దయ్యమే. నా కండ్లతోని చూసిన.”