పిడికెడు పాత పీచు

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన యమునకు బండి సీట్లు కుట్టే అంగడి ఉంది. నాయన పోయినాక ఆ అంగడిలో మిషను తొక్కేది ఆమే. "ఈ రెగ్జిను, స్ప్రింగుల గోల నీకు యాలక్కా? మూసేస్తే ఫోన్లు అమ్మేటోళ్లకు బాడిగకిచ్చుకుందాం" అని తమ్ముడు హేమంత్ ఒకటే పోరు పెట్టేవాడు. ఆఖరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. పుంగనూరు చెంగల్రాయుడి పాతకాలం జీపు సీటు ఆయన మెచ్చేటట్టు చేసిస్తే అంగడి అక్కది. లేదంటే తమ్ముడి ఇష్టం.

యమున పట్టుబట్టి చేసింది. తుప్పు పట్టిన స్ప్రింగులు తీసి కొత్తవి కట్టింది, కొత్త కొబ్బరిపీచు నింపింది. నాయన నేర్పినట్టే పాత పీచు ఒక పిడికెడు దులిపి, ఎండబెట్టి, నడిమధ్యలో పెట్టింది. అట్లా చేస్తేనే సీటు తన మనిషిని మరిచిపోదని ఆయన నమ్మకం. ఎవరన్నా కూర్చుని ఉండగానే ప్రాణం వదిలిన సీటైతే మాత్రం పాత పీచంతా తగలబెట్టాలనేవాడు. ఆ సంగతి చెంగల్రాయుడిని అడగడం యమున మరిచేపోయింది. పైగా మిగిలిన పీచు పారేయడానికి మనసొప్పక, మిషను ముందు తను కూర్చునే స్టూలు మెత్తలో కుక్కుకుంది.

సాయంత్రం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. కాసేపట్లో చెంగల్రాయుడు, హేమంత్ వచ్చేస్తారు. యమున కొవ్వొత్తి వెలిగించి సీటు దగ్గర పట్టి చూసింది.

నడుమ గుంట పడి ఉంది. ఇందాక లేదు. అరచేత్తో కొట్టి లేపింది. లేచింది... మెల్లగా మళ్లీ దిగింది. తడిమట్టి వాసనలో ఎక్కడినుంచో బీడీ కంపు కలిసింది. బరువైన మనిషెవరో సర్దుకుని కూర్చున్నట్టు కింద స్ప్రింగు కిర్రుమంది.

ఒళ్లు జలదరించింది. చెంగల్రాయుడికి ఫోను చేసింది.

"అన్నా, ఈ సీట్లో ఎవురన్నా పోయినారా?"

"మా నాయన మునిరాజు ఆడనే పోయినాడుమా. స్టీరింగు పట్టుకోని ఉండంగానే. యాల అడుగుతాండావు? దారిలో ఉండా, వస్తాండా."

ఇంకొకరైతే వీధిలోకి పరుగు తీసేవాళ్లే. యమునకు మాత్రం భయంతో పాటు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ బతికున్నోళ్లతో పడింది చాలదా? చచ్చినోళ్లతో కూడానా?

కత్తెర అందుకుంది.

"లెయ్, పెద్దాయనా," అంది గుసగుసగా. "ఇంక ఈడ కూసునేది నీ కొడుకు. ఇది నా కూడు. లెయ్!"

కుట్టు విప్పి చెయ్యి లోపలికి పెట్టింది. కొత్త పీచు చల్లగా ఉంది. నడిమధ్యలో పిడికెడు మాత్రం... వెచ్చగా ఉంది. పట్టి లాగింది. రాలేదు. లోపలినుంచి ఎవరో ఎదురు లాగుతున్నారు! యమున పళ్లు బిగబట్టి, సీటుకు కాలు ఆనించి గుంజింది. ఊడొచ్చింది. దాన్ని రోడ్డు పక్క కాలవలో పారే వాననీళ్లలోకి విసిరికొట్టింది. దబ్బనంతో కుట్టు వేసింది. గుంట మళ్లీ పడలేదు.

చెంగల్రాయుడు వచ్చి కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాడు. "బలే ఉండాదిమా! మా జీపుదేనా ఇది?" అన్నాడు. హేమంత్ మొహం మాడ్చుకుని, "సరేలే అక్కా, అంగడి నీదే" అన్నాడు. సీటు ఎక్కించుకుని ఇద్దరూ వెళ్లిపోయారు.

యమున కొవ్వొత్తి పట్టుకుని మిషను వైపు తిరిగింది. మళ్లీ బీడీ కంపు...

స్టూలు మెత్త నడుమ గుంట పడి ఉంది.

మిగిలిన పీచు ఎక్కడ కుక్కిందో అప్పుడు గుర్తొచ్చింది. అయినా అడుగు వెనక్కి వేయలేదు. ఇంత కొట్లాడి గెలుచుకున్న అంగడిని వదిలేసి పోతుందా?

"కూసో," అంది. "నా అంగట్లో ఊరికే కూసునేది మాత్రం కుదరదు. మిషను మీద బి.కొత్తకోటోళ్ల సీటు కవరు ఉండాది సూడు. కుట్టు."

కొవ్వొత్తిని మిషను పక్కన పెట్టింది.

తర్వాత... మిషను పెడలు మెల్లగా కిందికి దిగింది.