నిలబడితే ఆరిపోయే దీపం

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే రోడ్డు దిగి, కాలువ గట్టు పట్టుకుని మైలున్నర నడిస్తే ఒక తూము వస్తుంది. దాని పేరు లస్కరు తూము. పొద్దు గూకితే ఆ వైపు మనిషన్నవాడు పోడు. పోయినవాడు నడిచి తిరిగి రాడు, పరిగెత్తుకుంటూ వస్తాడు.

లస్కరు అంటే గట్టు మీద తిరుగుతూ తూములూ గండ్లూ చూసుకునే నౌకరు. పూర్వం ఒక లస్కరు ఆ తూము దగ్గరే కాలువలో పడి చనిపోయాడనీ, అప్పటి నుంచి లాంతరు పట్టుకుని డ్యూటీ చేస్తూనే ఉన్నాడనీ చెప్పుకునేవాళ్ళు. ఆయన కాలువలో పడలేదనీ, కడపలో కూతురింట్లో జ్వరమొచ్చి పోయాడనీ మా పోస్ట్‌మాన్ చాలాసార్లు చెప్పాడు. ఎవరూ వినలేదు. జ్వరంతో పోయిన మనిషిని తలచుకుని భయపడటం ఎవరికైనా కష్టమే.

ఇది 1957 నాటి సంగతి. మా పల్లెలకు ఇంకా కరెంటు స్తంభాలు రాలేదు. రాత్రిపూట వెలుగంటే లాంతరు, కాకపోతే చుట్ట నిప్పు, అదీ కాకపోతే దూరంగా రోడ్డు మీద పోయే బేతంచెర్ల రాళ్ళ లారీ. అంతకు మించిన వెలుగు మాకు తెలియదు.

ఆ తూము కింద ఇద్దరికి వరిమళ్ళు ఉండేవి. ఒకరు ఆదినారాయణ, రెండోవాడు శేషయ్య. శనివారం రాత్రి నీళ్ళ వంతు ఆదినారాయణది, మంగళవారం రాత్రి శేషయ్యది. వంతు మనిషి రాత్రికి వచ్చి నీళ్ళు తిప్పుకోవాలి. తిప్పుకోలేదా, కోడి కూసే వేళకు రెండోవాడు తన మడికి తిప్పుకుంటాడు. అడగనక్కర్లేదు, తగాదా లేదు. ఊరి కట్టు అంతే.

ఆ ఏడాది ఆదినారాయణ వరసగా మూడు శనివారాలు వంతు పోగొట్టుకున్నాడు.

ప్రతిసారీ ఒకటే తంతు. ఎనిమిది గంటలప్పుడు తూము దగ్గర పార ఆనించి కూర్చుంటాడు. నెలంతా మబ్బు — వాన మాత్రం చుక్క లేదు. చుట్టూ చీకటి. గట్టు మీద దూరంగా ఒక దీపం... ఊగుతూ వస్తుంది. "ఎవురది?" అంటాడు. ఠక్కున ఆరిపోతుంది. అడుగుల చప్పుడు లేదు, మాట లేదు. ఆదినారాయణ లేచి ఊరి వైపు పరుగు తీస్తాడు. తిరిగి చూస్తే — దీపం మళ్ళీ వెలిగి, వెనకాలే వస్తూ ఉంటుంది.

నాలుగో శనివారం పొద్దున ఆయన భార్య గౌరమ్మ సంగటి గిన్నె ముందు పెట్టి అడిగింది.

"పైరు పొట్ట మీదుండాది. ఈ పొద్దు నీళ్ళు తగలకపోతే గింజ పాలు పోసుకోదు. వచ్చే ఏడు తాలు తిందామా?"

"నీకేం తెలుసు? ఆ దీపం చూసినావా నువ్వు?"

"నువ్వు చూసినావంట గదా. నిలబడి చూసినావా, ఉరుకుతా చూసినావా?"

ఆదినారాయణ గొంతు తగ్గించాడు. "పిలిస్తే ఆరిపోతాదే. అగ్గిపుల్ల గీసేది లేదు, ఏం లేదు, దానంతట అదే మళ్ళా వెలుగుతాది. ఏ లాంతరు అట్ల చేస్తాది, చెప్పు?"

"పిలిస్తే ఆరిపోతాదంటివి. అయితే పిలవొద్దు. నోట్లో తువాలు కుక్కుకొని కూచో. రానీ."

ఆ రాత్రి ఆదినారాయణ అట్లాగే కూర్చున్నాడు. నోట్లో తువాలు, చేతిలో పార. ఊరికి ఉత్త చేతులతో పోతే గౌరమ్మ, ఇక్కడుంటే లస్కరు. ఎవరు నయమో తేలక అక్కడే ఉండిపోయానని ఆయనే చెప్పాడు.

ఎనిమిది దాటింది. దీపం కనిపించింది.

పిలవలేదు. దీపం ఆరలేదు... దగ్గరకొచ్చింది. సన్నగా ఒక రొద కూడా — తేనెటీగను డబ్బాలో మూసిపెడితే వచ్చేటట్టు. ఇంకా దగ్గరకొచ్చింది. తువాలు లేకపోతే అరిచేవాడే.

దభీమని వచ్చి మీద పడింది.

ఇద్దరూ గట్టు మీద దొర్లారు. ఇద్దరూ అని తర్వాత తెలిసింది. అప్పటికి ఆదినారాయణకు కనిపించింది దీపం ఒక్కటే. అది నేల మీద వెల్లకిలా పడి వెలుగుతోంది. చూస్తుండగానే తెల్లని వెలుగు పచ్చబడింది, ఎర్రబడింది... ప్రాణం పోయినట్టు మెల్లగా ఆరిపోయింది.

చీకట్లో ఒక గొంతు గుసగుసలాడింది.

"లస్కరయ్యా... నా పెండ్లాం నిండు చూలాలు. నన్ను ఇడిసిపెట్టు."

ఆదినారాయణ తువాలు పీకేశాడు. "నేను యాడ లస్కరు? నువ్వు గదా లస్కరు."

"నేను ప్రభుదాసునన్నా. నంద్యాల్లో కాంపౌండర్ని."

ఆ మనిషి భార్య పురిటికని తూముకు అవతలి ఊళ్ళో పుట్టింటికి వచ్చింది. ఆదివారం సెలవు కాబట్టి శనివారం రాత్రి పని దిగగానే సైకిలెక్కి, రోడ్డు మీద చుట్టు తిరగలేక గట్టు దారిన వచ్చేవాడు. దీపం లేని సైకిలును నంద్యాల్లో పోలీసు పట్టుకుంటున్నాడని ఆ నెలే దానికి డైనమో బిగించుకున్నాడు.

"దీపం యాడ పెట్టినావు? కిరసనాయిలు యాడ పోస్తావు?" అని ఆదినారాయణ తడిమి తడిమి చూశాడు.

ప్రభుదాసు వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పాడు. దీపం వెలిగింది. చక్రం ఆపాడు. ఆరింది. ఆదినారాయణ ఇంకోసారి తిప్పమన్నాడు. ఇంకోసారి. తర్వాత తనే తిప్పాడు.

చదువుకున్నవాళ్ళకు ఇది చిన్న విషయం. టైరుకు ఆనించిన చిన్న బుడ్డిలో ఒక అయస్కాంతం, పక్కన రాగితీగ చుట్ట. టైరు తిరిగితే అయస్కాంతం తిరుగుతుంది. అది తిరుగుతున్నంతసేపే తీగలో కరెంటు పుడుతుంది. పెద్ద ఆనకట్టల దగ్గర నీళ్ళు చేసే పనినే ఇక్కడ కాంపౌండరు కాళ్ళు చేస్తాయి. కాళ్ళు ఆగితే కరెంటు లేదు.

"మూడు శనివారాలాయెనన్నా," అన్నాడు ప్రభుదాసు. "ఈడికి రాంగానే మనిషి కనపడడు, 'ఎవురది' అని గొంతు. కాళ్ళు బిగుసుకుపోతాయి, దీపం ఆరిపోతాది. మళ్ళా ముందర ఎవురో దబదబ ఉరుకుతారు. ఒంటిగా ఉండలేక, ఆ చప్పుడు వెంటే తొక్కుకుంటా పోతాంటి."

ఆ రాత్రి ఇద్దరూ కలిసి నీళ్ళు తిప్పారు. పైరు దక్కింది.

వారానికి ప్రభుదాసుకు కూతురు పుట్టింది. కొన్నాళ్ళకు తల్లీబిడ్డలను నంద్యాలకు తీసుకుపోయాడు. గట్టు దారిన రావడం మానేశాడు.

దీపం మాత్రం మానలేదు.

కాకపోతే రోజు మారింది. మంగళవారం రాత్రి వస్తోంది — శేషయ్య వంతు రోజున. మొదటి మంగళవారం ఆయన పార వదిలేసి వచ్చాడు. రెండో మంగళవారం చెప్పులు వదిలేసి వచ్చాడు.

ఆ శేషయ్య మా నాయన.

మూడో మంగళవారానికి నేను దసరా సెలవులకు అనంతపురం కాలేజీ నుంచి ఇంటికొచ్చి ఉన్నాను. ఇంటర్మీడియట్. మా నాయన నన్ను వెంట రమ్మన్నాడు. "చదువుకున్నోనివి గదరా. అదేందో చూసి చెప్పు."

దీపం వచ్చింది. "ఎవరది?" అన్నాను. ఆరిపోయింది.

పదిహేను రోజుల కిందటే పరీక్షలో డైనమో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, ఫిజిక్సులో నూటికి డెబ్బై రెండు తెచ్చుకున్నాను. ఆ బొమ్మ నాకు గుర్తు రాలేదు. లస్కరు గుర్తొచ్చాడు. నాయనా నేనూ ఊళ్ళోకొచ్చి పడ్డాం. ఆ రాత్రి నీళ్ళూ పోయాయి.

ఇరవై ఏళ్ళ తర్వాత శ్రీశైలం బస్సులో నా పక్క సీట్లో కూర్చుని ఆదినారాయణ ఈ కథంతా చెప్పాడు. కాంపౌండరు బుడ్డి చూశాక నంద్యాలకు పోయి తనూ ఒక పాత సైకిలు, డైనమో కొన్నాడట.

"మీ నాయన నావి మూడు వంతులు తిప్పుకున్నాడు. నేనూ మూడే తిప్పుకున్నా. నాలుగో మంగళవారం సైకిలు ఇంట్లోనే పెట్టినా," అన్నాడు. తర్వాత నా చెవి దగ్గరకు వంగాడు. "అవునప్పా, ఆ పొద్దు ఇద్దరు ఉరికినారు గదా. ముందు ఉరికింది ఎవురు?"

నేను కిటికీలోంచి కొండలు చూస్తూ చెప్పాను. "మా నాయన."

ఆదినారాయణ నా కాళ్ళ వైపు చూశాడు.

"ముందు పోయినవి బూట్ల చప్పుళ్ళప్పా. మీ నాయన బూట్లు ఎప్పుడు కొన్నాడు?"