ఎడమచేతి మెలి

కారు తిరగలేదు.

మలుపులో తిరగాల్సిన కారు నేరుగా దూసుకొచ్చి షెడ్డు ముందున్న పాత టైర్లను గుద్దేసింది.

తోల్కున్ పానా పట్టుకుని బయటికొచ్చింది. కారా-బాల్టా ఊరు దాటాక, కనుమ ఎక్కేముందు ఆఖరి మెకానిక్ షెడ్డు ఆమెదే.

తెల్ల జపాన్ కారు. కుడివైపు స్టీరింగు. పాతికేళ్ళ ముసలిది. ఈ రోడ్డు మీద సగం కార్లు ఇలాంటివే.

దిగినవాడి చేతిలో పిస్తోలు ఉంది.

"మెకానిక్ ఎక్కడ?"

"నేనే."

"మగాళ్ళెవరూ లేరా?"

"మగాడే కావాలంటే వెనక్కి ముప్ఫై కిలోమీటర్లు పో. ఆ స్టీరింగుతోనే పో."

వాడు పిస్తోలు ఆమె వైపు తిప్పాడు.

"చీకటి పడేలోపు కనుమ దాటాలి అక్కా. స్టీరింగు టైటైపోతోంది. బాగు చెయ్. లేదా..."

పిస్తోలు మిగతాది చెప్పింది.

"స్టార్ట్ చేసి తిప్పు," అంది తోల్కున్.

స్టీరింగు పంపు కుక్కలా మూలిగింది. బానెట్ ఎత్తి బెల్టు నొక్కి చూసింది. బిగువుగానే ఉంది. ఆయిల్ డబ్బా మూత తీసింది. లోపలంతా నురగ... చిలికిన గుర్రప్పాలలా.

"ఎయిర్ లాగుతోంది. పైపు పగిలింది."

పైపు తడిమిన వేళ్ళు ఆగిపోయాయి.

క్లిప్పు ఉండాల్సిన చోట తీగ. అందరూ కుడికి మెలేస్తారు. ఇది ఎడమకి మెలేసి ఉంది.

తన చెయ్యి! తన ఎడమచెయ్యి! మూడు వారాల కిందట తమ్ముడు మక్సత్ టాక్సీకి తనే కట్టింది. కొత్త పైపు తెచ్చుకోరా అని తిట్టింది కూడా.

నంబరు ప్లేటు మారింది. తీగ మారలేదు.

మక్సత్ నిన్నటి నుంచి ఫోనెత్తడం లేదు...

డిక్కీలో దబ్‌మని చప్పుడైంది.

"ఏంటది?"

"గొర్రె. నీ పని చూడు."

బతికే ఉన్నాడు!

కొత్త పైపు వేసింది. క్లిప్పు బిగించింది. ఆయిల్ కోసం లోపలికెళ్తే వాడూ వెంటే వచ్చాడు. బల్ల మీద రొట్టె ఉంది. ఈ కొండల్లో గడప తొక్కినవాడు శత్రువైనా రొట్టె ముట్టకుండా పంపరు.

"ముట్టుకో," అంది పళ్ళు బిగించి.

ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. ఇంకో ముక్క తుంచి జేబులో పెట్టుకున్నాడు.

ఆకలిగొట్టు వెధవ అనుకుంది.

జాకీతో ముందు చక్రాలు రెండూ లేపింది. బానెట్ పైకెత్తే ఉంచింది.

"ఇంజిన్ ఆపి కూర్చో. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవైసార్లు తిప్పు. ఎయిర్ పోవాలి."

"నువ్వే తిప్పు."

"నేను తిప్పితే ఆయిల్ ఎవరు పోస్తారు, మీ బాబా? ఎయిర్ మిగిలితే కనుమలో మూడో మలుపుకి మళ్ళీ టైటవుతుంది. కింద లోయ. నీ ఇష్టం."

తిట్టుకుంటూ కూర్చున్నాడు. ఒంటిచేత్తో లాగాడు. చలికి ఆయిల్ చిక్కబడింది, ఇంజిన్ సాయం లేదు. తిరగలేదు.

పిస్తోలు తొడల మధ్య పెట్టుకున్నాడు.

రెండు చేతులూ స్టీరింగు మీద. కళ్ళ ముందు ఎత్తిన బానెట్, ఆమె కనిపించదు.

"ఎడమకి... కుడికి... ఇంకా..."

జాకీ మర విప్పేసింది!

కారు ముక్కు దబ్బున కూలింది. పిస్తోలు జారి కింద పడింది. వాడు వంగాడు. కుడి తలుపు తెరుచుకుంది. మెడ మీద పానా పడింది. ఒక్కటే దెబ్బ.

వాడు లేవలేదు.

పిస్తోలు, తాళాలు లాక్కుని పరుగెత్తింది. డిక్కీ తెరిచింది. మక్సత్! చేతులు కట్టేసి ఉన్నాయి. నోటికి టేపు. టేపు లాగుతుంటే ఏడుపొచ్చేసింది ఆమెకి.

"ఏడవకక్కా... వీళ్ళు ఇద్దరు. రెండోవాడు పోలీసులొస్తారేమో చూడ్డానికి మలుపుకి ముందే దిగాడు..."

జేబులోకి పోయిన రొట్టెముక్క. ఎవరి కోసమో ఇప్పుడర్థమైంది.

వెనక మంచు కరకరలాడింది.

"కదలకు. చేతులు పైకెత్తు."

మెల్లగా కుడిచెయ్యి ఎత్తింది. ఖాళీ చెయ్యి. అడుగులు దగ్గరికొచ్చాయి.

"బేయ్షెన్, ఏమైందిరా?" కారులోవాడిని పిలిచాడు.

ఒక్క క్షణం అటు చూశాడు.

డిక్కీ లోపల, తమ్ముడి పక్కన దాచిన ఎడమచెయ్యి పిస్తోలుతో బయటికి వచ్చింది.

ఢాం!