తెగులు లేని ఆకు

"ఏవండీ, ఆకులు పంపమంటే చారు పంపారేంటి?"

ఫోన్లో ఆడగొంతు. ఎవరో చెప్పలేదు.

"ఎవరు మీరు?"

"సిగ్రున్. పరిశోధన కేంద్రంలో బూజులు చూసే మనిషిని. మీ ఆపిల్ ఆకులు కుళ్లి నీళ్లయి వచ్చాయి. బల్లంతా కంపు. ప్లాస్టిక్ సంచిలో కట్టడమేం తెగులు మీకు?"

"తెగులేమిటో చెప్పమనేగా మీకు పంపింది!"

ఆమె గట్టిగా నవ్వింది.

"కాగితంలో మడిచి పంపండి, హల్వార్ గారూ."

నా భార్య ఓషిల్డ్ పోయి అప్పటికి ఆరేళ్లు. పాస్టరు మూడు నెలలు వచ్చి మానేశాడు. ఇరుగుపొరుగు కేకులు తెచ్చారు. గిన్నెలు పట్టుకెళ్లారు. మళ్లీ రాలేదు. వాళ్లలో ఒక్కరినీ నేను క్షమించలేదు. కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డ్ ఒడ్డున నాలుగు వందల ఆపిల్ చెట్లు, వాన, నేను.

కాగితంలో మడిచి పంపాను. మంగళవారం జవాబు వచ్చింది. "నల్లమచ్చ తెగులు. రాలిన ఆకుల్లో చలికాలమంతా దాక్కుంటుంది. ఊడ్చి తగలెయ్యండి. మళ్లీ పంపండి."

మళ్లీ పంపాను. ఆమె ఉత్తరం ఎప్పుడూ మంగళవారమే వచ్చేది. "ఈసారి మచ్చ కొత్తగా ఉంటే మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. కాఫీ మరక. ఆకుల దగ్గర కాఫీ తాగకండి."

ఒకసారి ఉత్తరం చివర ఇలా రాసింది: "ఇరవై రెండేళ్ల ఉద్యోగం. బీరువాల్లో నాలుగు వేల తెగులు ఆకుల పొట్లాలు. మాట్లాడేది ఒక్కటీ లేదు."

ఆ మాట చాలాసార్లు చదివాను.

ఆమె చెప్పినట్టే ఊడ్చాను, తగలబెట్టాను. మరుసటి ఏడు తోటంతా వెతికినా ఒక్క మచ్చ కనబడలేదు. ఊళ్లోవాళ్లు అదృష్టవంతుడివన్నారు. నాకు ఒళ్లు మండింది. చెట్లు బాగుపడ్డాయి. నా మంగళవారాలు పోయాయి.

సెప్టెంబరులో శుభ్రమైన ఆకు ఒకటి కోసి, కాగితంలో మడిచి పంపాను.

పది రోజులు జవాబు లేదు. పదకొండో రోజు వానలో ఫెర్రీ దిగి ఒకావిడ నేరుగా తోటలోకి వచ్చింది. నెరిసిన పొట్టి జుట్టు, రబ్బరు బూట్లు, మెడలో భూతద్దం. ముందు చెట్టును చూసింది. తర్వాత నన్ను.

"మీ ఆకును వారం రోజులు తడిపెట్టెలో పెట్టాను. ఏ బూజూ మొలవలేదు. నా పరువు పోయింది."

"అందులో ఏమీ లేదు, మేడమ్."

"తెలిసే పంపారా?"

"తెలిసే."

జేబులోంచి పొట్లం తీసింది. పైన చెట్టు, ఊరు, సేకరించినవారు అని గళ్లు. సేకరించినవారు దగ్గర నా పేరుంది. తెగులు అన్న గడి ఖాళీ.

"ఇది ఖాళీగా ఉంటే బీరువాలో పెట్టనివ్వరు. చెప్పు, నీకేం తెగులు?"

మీరు పోయి నువ్వు వచ్చింది. వానలో నిలబడి ఆలోచించాను.

"మంగళవారం ఉత్తరం రావడం లేదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. పొట్లానికి వాన తగలకుండా నా భుజం చాటుకు జరిగి, కలం మూత తీసింది. తెగులు గడిని కొట్టేసింది. సేకరించినవారు దగ్గర, నా పేరు పక్కన తన పేరు రాసింది.

"ఈ ఆకు నువ్వు కోయలేదుగా," అన్నాను.

"వచ్చే ఏడు కోస్తాను."