అబద్ధపు నొప్పి

"అవుట్‌కి పోయే బంతి కోసం దూకి మోకాలు పాడుచేసుకున్న గోల్‌కీపర్ మీరేనా?"

రెండు చంకల్లో కర్రలతో ఫిజియోథెరపీ గది గుమ్మంలో నిలబడ్డ కుర్రాడికి దక్కిన తొలి పలకరింపు అది. వెంటనే ప్రేమలో పడ్డాడు. పడటం అతనికి అలవాటైన పనే.

మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగిపోతే, దాని స్థానంలో సర్జన్ గ్రాఫ్ట్, అంటే దాత నుంచి తీసిన మెత్త, పెట్టి కుట్టాడు. అది అతుక్కునేదాకా కాపలా కాయడం ఈ ఫిజియో అమ్మాయి పని.

"దీనికి అంచుల్లోనే కాస్త రక్తం అందుతుంది. అందుకే నెమ్మదిగా అతుక్కుంటుంది. తొందరపడి బరువు మోపినా, గొంతుక్కూర్చున్నా కుట్లు తెగుతాయి. సిగరెట్ తాగితే ఆ కాస్త రక్తమూ సరిగ్గా అందదు. తాగుతారా?"

"ఛ ఛ!"

"తాగుతాడమ్మా," అంది తోడొచ్చిన అక్క. "బాత్రూంలో తాగేసి సెంటు కొట్టుకొస్తాడు. వీడికెంత శుభ్రమో అని నేనే మురిసిపోయేదాన్ని."

ఫిజియో కనుబొమ్మ ఎగరేసింది. అంతే, మానేశాడు. అమ్మ ఏళ్ల తరబడి ఏడ్చి సాధించలేనిది కనుబొమ్మతో అయిపోయింది.

గ్రాఫ్ట్ బుద్ధిగా అతుక్కోసాగింది. చిక్కల్లా అదే. కాలు బాగైతే ఇక్కడికి రావడానికి సాకుండదు. మనవాడికో గొప్ప ఆలోచన వచ్చింది. అతని ఆలోచనలన్నీ గొప్పవే, కర్రలే సాక్ష్యం.

"నొప్పి పదికి ఎంత?"

"ఏడు, మేడమ్."

"మొన్న రెండన్నారుగా?"

"ఏమో, లోపలేదో లాగేస్తోంది."

ఆమె మొహం పాలిపోయింది. తన మీద ప్రేమే కాబోలని పొంగిపోయి, మర్నాడు ఎనిమిదికి పెంచాడు.

ఆ తర్వాతిసారి వచ్చేసరికి గదిలో సర్జన్ గొంతు వినిపించింది.

"స్కాన్‌లో తేలట్లేదు. నువ్వు మోకాలు ఎక్కువ వంచేసుంటావు, గ్రాఫ్ట్ ఊడినట్టుంది. మళ్లీ కెమెరా పెట్టి చూడాల్సిందే."

"తప్పు నాదే అయ్యుంటుంది సార్," అంది ఫిజియో. "ఇకనుంచి ఆపరేషన్ కేసులు నాకివ్వకండి."

అతను తలుపు తోసుకుని లోపలికెళ్లాడు.

"నొప్పి లేదు సార్! అబద్ధం చెప్పాను. తగ్గిపోయిందంటే మేడమ్ ఇక రావద్దంటారని..."

సర్జన్ అతన్నీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "నేను ఎముకలు మాత్రమే చూస్తాను," అని బయటికెళ్లిపోయాడు.

ఆమె నవ్వలేదు. "నిద్రపట్టక చచ్చాను, తెలుసా? మీ కాలు ఎక్కడ పాడుచేశానా అని."

"తప్పైపోయింది. మీరంటే నాకు ప్రాణం. చెప్పే ధైర్యం లేకపోయింది."

"బంతికి ఎదురెళ్లే ధైర్యం మాత్రం దండిగా ఉంది!" కళ్లు తుడుచుకుంది. "రేపట్నుంచి మీకు వేరే ఫిజియో. మీరు నా దగ్గరికి రావద్దు."

అతను తల దించుకుని కర్రలు అందుకున్నాడు. తగిన శాస్తేననిపించింది.

"నా పేషెంట్లతో నేను టీ తాగను," అంది వెనకనుంచి. "వేరేవాళ్ల పేషెంట్ల గురించి నాకే రూలూ లేదు. డ్యూటీ అయ్యాక కింద క్యాంటీన్లో ఉంటాను."

అతను గిర్రున తిరగబోయాడు. ఆమె చటుక్కున మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నెమ్మది! కోపం ఇంకా పోలేదు, బోలెడు తిట్లున్నాయి. మెట్లు చూసుకుని దిగండి. ఎంత ఆలస్యమైనా ఎదురుచూస్తాను."