దండగ కూడు

బుధవారమంటే ఆ ఇంట్లో పొద్దున్నే హడావుడి. ఆరున్నరకల్లా అంకన్న ఆటో వాకిట్లోకి వస్తుంది. ఈలోగా పోలేరమ్మకు రెండు ఇడ్లీలు పెట్టాలి, ఆస్పత్రి ఫైలు, దుప్పటి, ఫోను చార్జరు సంచిలో సర్దాలి. రాచర్ల దాటి గిద్దలూరు చేరి ఏడున్నరకు డయాలసిస్ మంచం ఎక్కకపోతే ఆ పూట మంచం ఇంకొకరికి పోతుంది. సోమ, బుధ, శుక్రవారాలు. రెండేళ్ళుగా ఇదే తంతు.

ఆ బుధవారం సుచరిత సంచి భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చేసరికి తల్లి పోలేరమ్మ ఇంకా పాత చీరలోనే పీట మీద కూర్చుని, చేట ముందేసుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. పక్కన ఇత్తడి చెంబు బోర్లా పడి ఉంది. రాత్రి పడుకునేటప్పుడు ఆ చెంబు నిండుగా ఉండటం సుచరిత కళ్ళారా చూసింది.

రోజుకు అరలీటరు సీసా ముందు పెట్టుకుని, గుక్క గుక్కకూ లెక్క చూసుకునే మనిషి పోలేరమ్మ. మూత్రపిండాలు పోయినాక ఒంట్లో చేరిన నీళ్ళను మిషనే తీయాలి. లేకపోతే అవి ఊపిరితిత్తులకు ఎక్కుతాయి. ఈ సంగతి ఆ ఇంట్లో గొర్రెలకు తప్ప అందరికీ తెలుసు.

"మా, నీళ్ళు తాగినావా?"

"తాగినా, చెంబెడు. రెండేళ్ళయింది గొంతు తడిసి," అంది పోలేరమ్మ తలెత్తకుండా. "అంకన్నకు ఫోన్ చేసి రావద్దని చెప్పు. నేను రాను. ఈ రోజు ఒక్కటే కాదు, ఇంక రాను."

ఎందుకని అడగబోయి సుచరిత ఆగిపోయింది. పొయ్యి గట్టు మీద పలక ఆనించి ఉంది. దాని మీద తల్లి చేతి అంకెలు ఉన్నాయి. అవి చదివాక అక్కడే చతికిలపడింది.

ఆ పలక సంగతి చెప్పాలి. పోలేరమ్మ కాలూ చెయ్యీ బాగున్నన్నాళ్ళూ ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా గాడిపొయ్యి దగ్గర గరిటె ఆమెదే. ఎంతమంది వస్తారో చెబితే చాలు, ఎంత బియ్యం పోయాలో, ఎంత పప్పు నానాలో నోటితోనే లెక్క చెప్పేది. అలాంటి మనిషికి డాక్టర్లు పండు వద్దన్నారు, పచ్చడి వద్దన్నారు, కూర ముక్కల్ని ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండుకోమన్నారు. తినడానికి లేదు సరే, ఒకరికి వండిపెట్టడానికి ఓపికా లేదు. ఆమెకు తినలేకపోవడం కంటే వండిపెట్టలేకపోవడమే పెద్ద కష్టమైంది.

మొదటి ఏడాది ఒక్కతే వెళ్ళి వచ్చేది. తర్వాత కాళ్ళు తేలిపోవడం మొదలైంది. డిగ్రీ అయిపోయిన సుచరిత తోడు వెళ్ళసాగింది. మంచం పక్కన నాలుగు గంటలు కూర్చోవాలి కదా, ఫోన్‌లో ఆట ఆడుకునేది. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో పదిమంది కలిసి రాక్షసులతో పోరాడే ఆట. పోరుకు దిగే ముందు బొమ్మలు ఏదో ఒకటి తింటాయి. తిన్నదాన్ని బట్టి కాసేపు బలం పెరుగుతుంది. ఆటవాళ్ళు దాన్ని బఫ్ అంటారు. ఒకటి తిన్నాక వెంటనే ఇంకొకటి తింటే మొదటిది రద్దయిపోతుంది. ఈ మాట విన్నప్పుడు పోలేరమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. అన్నం తిన్నాక మజ్జిగ తాగితే అన్నం రద్దవుతుందా, ఎవడు పెట్టినాడే ఈ చట్టం అని మంచంలోంచే పోట్లాడింది.

నవ్వకండి, ఆ పోట్లాటతోనే ఆమె ఆటలో పడింది. వంటకాల పేర్లు నోరు తిరక్క తానే పేర్లు పెట్టుకుంది. ఏ కూడు మేలో తేల్చే లెక్క కూతురు నేర్పింది: బలాన్ని అది నిలిచే నిమిషాలతో గుణించి, వండే శ్రమతో భాగించాలి. మాంసం పులుసుకు బలం ముప్పై, నిలిచేది ఇరవై నిమిషాలు, వండటానికి గంట. లెక్క పది. జొన్నరొట్టెకు బలం పదే అయినా అరగంట నిలుస్తుంది, వండటం పది నిమిషాల పని. లెక్క ముప్పై. ఆట తయారుచేసేవాళ్ళు నెలనెలా అంకెలు మార్చేస్తారు కాబట్టి పోలేరమ్మ అటక మీది పలక దింపించింది. సుచరిత బడికి మోసిన మార్కాపురం పలక అది. లెక్క మరీ తక్కువ వచ్చినవాటి పక్కన "దండగ" అని రాసేది. ఆమె జాబితా కోసం అటు పదిమందీ ఎదురుచూసేవాళ్ళు. ఆటలో పడిన ఆ ఎనిమిది నెలలు ఆ మంచం మీద ఆమె నవ్వింది కూడా.

ఇప్పుడు అదే పలక మీద అవే మూడు గళ్ళు, ఈసారి డయాలసిస్‌కు.

మొదటి ఏడాది: బలం పది, నిలిచేది రెండు రోజులు, శ్రమ ఒకరి రోజు. ఇరవై.

ఇప్పుడు: బలం నాలుగు, నిలిచేది ఒక రోజు, శ్రమ ఇద్దరి రోజు. రెండు.

పక్కన "దండగ" అని రాసి కింద గీత గీసింది.

"ఇది ఆట కాదు మా," అంది సుచరిత.

"లెక్క లెక్కే గదా. నువ్వు నేర్పిందే. తప్పుంటే చూపించు."

సుచరిత నిజంగానే తప్పు వెతికింది. బలం నాలుగు కాదు ఐదు అంది. పోయిన మంగళవారం ఎవరి చెయ్యి పట్టుకుని దొడ్లోకి పోయినానో చెప్పమంది తల్లి. నిలిచేది ఒకటిన్నర రోజు అంది. నిన్న మధ్యాహ్నానికే ఆయాసం వచ్చింది గదా అంది తల్లి. పోనీ నా రోజు కలపవద్దు, నాకేం పని ఉంది గనక అంది సుచరిత.

పోలేరమ్మ చేట పక్కన పెట్టింది. "బెంగుళూరు వాళ్ళు ఉద్యోగానికి రమ్మన్నారు. నువ్వు రానని రాసినావు. మొన్న ఫోన్ నా చేతిలో ఉన్నప్పుడు ఇంగ్లీషు మెసేజీ వస్తే నర్సమ్మతో చదివించుకున్నా. ఆ మాట నాకు చెప్పాలని నీకు తోచలేదు."

సుచరిత తన మూత్రపిండం ఇస్తానంటే ఆ మాటే ఎత్తనివ్వలేదు తల్లి. తండ్రికి షుగరు, ఆయనది పనికిరాదన్నారు. మిగిలింది ఈ మిషను, ఈ మూడు రోజులు. తను ఊరు వదిలితే తల్లిని ఆటో ఎక్కించే చెయ్యి ఎవరిదని ఉద్యోగం వదులుకుంది. ఇప్పుడు ఆ వదులుకోవడమే తల్లి పలక మీద ఒక అంకె అయి కూర్చుంది.

ఆటో చప్పుడుతో పాటు తండ్రి ఆదిశేషు గొర్రెల దొడ్డిలోంచి వచ్చాడు. సంగతి విని గడప దగ్గరే నిలబడి కేకలేశాడు. ఆ ఫోనే ఇల్లు ముంచిందన్నాడు, బొమ్మలకు కూడు వండుకుంటూ కూర్చుంటే మనిషి బుద్ధి ఇట్లనే పోతుందన్నాడు. పోలేరమ్మ ఆయన అరుపులు అయ్యేదాకా ఆగింది.

"రెండేళ్ళలో ఆ ఆస్పత్రి గది గడప ఒక్కసారి తొక్కినావా?" అని అడిగింది. "గొర్రెలంటావు, చేనంటావు. ఇప్పుడు నాకు బుద్ధి చెప్పే పనేంది నీకు?"

ఆదిశేషు గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారాడు. "ఒకసారి కిటికీలోంచి చూసినా," అన్నాడు. "ఆ పైపుల్లో నీ రక్తం పోతాంటే నా వల్ల కాలేదు. ఇంట్లో పచ్చడి వాసన నీకు తగలగూడదని రెండేళ్ళుగా గొర్రెల కాడ కూర్చుని తింటున్నా. అంతకు మించి నాకేం చేతకాలేదు మే." తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఆ పెద్దమనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. మొగుడు ఏడవగా పోలేరమ్మ ఎన్నడూ చూడలేదు. అయినా పీట మీంచి లేవలేదు.

బయట అంకన్న హారన్ కొట్టాడు. సుచరిత చేతిలో ఫోన్ ఉంది, ఏం చేయాలో తెలియక దాన్ని తెరిచింది. అంకన్నకు ఏమని చెప్పాలి? ఏం తోచక ఆటలోకి వెళ్ళింది. తన బొమ్మ తిండి సంచి నింపేది తల్లే. సుచరిత దాన్ని ఎప్పుడూ పైపైన చూసి వదిలేసేది. ఈసారి అడుగుదాకా జరిపింది. జొన్నరొట్టెలు పన్నెండు. వాటి కింద బెల్లం గారెలు నూటనలభై.

బెల్లం గారె అనే పేరు పెట్టింది పోలేరమ్మే. దానికి బలం రెండు, నిలిచేది ఐదు నిమిషాలు, వండటానికి ఇరవై నిమిషాలు. లెక్క అర. జాబితాలో మొట్టమొదట దండగ అని రాసింది దాని పక్కనే.

"ఇదేంది మా?" ఫోన్ తల్లి ముందు పెట్టింది.

పోలేరమ్మ చూసి మొహం తిప్పుకుంది. "నీకు బెల్లం గారెలంటే పానం గదా. చేసిపెట్టే ఓపిక పోయింది. అందులోనన్నా చేస్తే..."

"ఒక్కోటి ఇరవై నిమిషాలు. నూటనలభై చేసినావు. లెక్క అర అని నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ చేసినావు. మరి నన్నెందుకు లెక్క అడుగుతావు?" అంది సుచరిత. "నీ లెక్క తప్పు లేదు మా. రెండే. రేపు ఒకటవుతుంది. నాకు కావాల. దండగైనా నాకు కావాల."

పోలేరమ్మకు నీళ్ళ బరువు అప్పటికే తెలుస్తోంది, ఊపిరి తీసుకుంటే గురక వినిపిస్తోంది. కూతురి తల మీద చెయ్యి వేసి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. అరచేతికి అంటిన బలపం పొడి బుగ్గ మీద తెల్లగా చారకట్టింది.

"ఈ రోజుకు వస్తా," అంది. "శుక్రవారం సంగతి శుక్రవారం. నువ్వు బెంగుళూరు వాళ్ళకు ఇంకొకసారి రాయి, ఇప్పుడన్నా రమ్మంటారేమో చూడు."

సుచరిత పలక తుడవబోతే వద్దంది. అందులో అబద్ధం ఏమీ లేదు, ఉండనీ అంది.

చీర మార్చుకుని ఇద్దరూ వాకిట్లోకి వచ్చేసరికి ఆదిశేషు ఆటోలో ముందు సీట్లో అంకన్న పక్కన కూర్చుని ఉన్నాడు. దొడ్డి తడిక తాడు కట్టినట్టు లేదు, గొర్రెలు అరుస్తున్నాయి. ఆయన వెనక్కి తిరగలేదు. "ఇంక నేనే వస్తా," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "పాపను పోనీ." కిటికీలోంచి చూడలేనివాడు పక్కన కూర్చుని ఎట్లా చూస్తాడో ఆయనకే తెలియదు. తుండుగుడ్డ మాత్రం గట్టిగా పిడికిట్లో పట్టుకున్నాడు.

ఆటో రాచర్ల దారిలో పడింది. పోలేరమ్మ కూతురి భుజానికి ఆనుకుని ఊపిరి కూడదీసుకుంటోంది. కాసేపటికి చిన్న గొంతుతో అంది.

"ఇప్పుడు ముగ్గురం, మూడుతో భాగించాల. ఒకటీ చిల్లర వస్తుంది. ఇంకా దండగ."

"అవును మా," అంది సుచరిత. తల్లి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. శుక్రవారం దాకా ఎన్ని గంటలో లెక్కపెట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది.